గుమాస్తా వేషం నువ్వే వెయ్యాలి

ఒరే రాంబాబూ,

పిన్ని మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నాటకం రాయడం అయిపోయింది. గుమాస్తా వేషం నువ్వే వెయ్యాలి. ఎందుకో ఫోన్లో చెప్తే కుదరదు, అందుకే ఇంత ఉత్తరం.

ఒక ఆఫీసు కిటికీ. వచ్చినవాళ్ళ మెడలో గుమాస్తా ఒక అట్టముక్క వేస్తాడు. అది పడ్డాక ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. రాజాం వైపు నుంచి ఒక ముసలమ్మ వస్తుంది, కాలు పనిచెయ్యదు. డాక్టర్లు కొలిచి 38 శాతం వైకల్యం అని రాశారు. 2016 వికలాంగుల చట్టం ప్రకారం 40 ఉంటేనే రిజర్వేషన్ల లాంటివాటికి లెక్కలోకి వస్తుంది. గుమాస్తా కుర్చీ వేయిస్తాడు, మంచినీళ్ళిప్పిస్తాడు, "రెండే తక్కువమ్మా" అని నిజంగానే బాధపడతాడు. రెండో అంకంలో ఆవిడ 40తో తిరిగొస్తుంది. ఎలా వచ్చిందో ఒక్కడూ అడగడు. లైన్లో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొడతారు.

గుమాస్తాని లంచగొండిని చేద్దామని మన గుంటలు పట్టుబట్టారు. గంటస్తంభం దగ్గర టీ కొట్టు కట్టేసేదాకా వాదించుకున్నాం. నేను ఒప్పుకోలేదురా. వాడు లంచం తింటే జనం వాణ్ణి నాలుగు తిట్టి హాయిగా ఇంటికి పోతారు. వాడు మంచివాడైతేనే ఆ అట్టముక్క ఎంత చెడ్డదో తెలుస్తుంది. మా పెద్దమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు నర్సమ్మ కన్నకూతురిలా చూసుకుంది. కానీ "పద్నాలుగో బెడ్డు అన్నం తిందా?" అనేది. కొన్నాళ్ళకి పెద్దమ్మే, ఎవరు పలకరించినా, "పద్నాలుగో బెడ్డునమ్మా" అని చెప్పుకోవడం మొదలెట్టింది. అది నాకిప్పటికీ మింగుడు పడదు.

మూడో అంకం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ మీద. తెల్లవాళ్ళు 1871లో తెచ్చారు, 1952లో రద్దయింది. ఆ చట్టం కింద కొన్ని కులాల్లో పుట్టడమే నేరం. రద్దయి డెబ్బై ఏళ్ళు దాటాక, 2024 అక్టోబర్లో కూడా, జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసెయ్యమని సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది! ఆ చట్టం కిందే వెలిసిన స్టూవర్టుపురం పేరెత్తితే ఇప్పటికీ జేబులు తడుముకునేవాళ్ళున్నారు. నాటకంలో, ఉయ్యాల్లో పసిగుడ్డు మెడకి అట్టముక్క పెద్దదైపోతుంది. గుమాస్తా కత్తెర తీసుకుని, లేత చర్మానికి గుచ్చుకోకుండా అంచులు గుండ్రంగా కత్తిరించి, జాగ్రత్తగా కడతాడు. ఆ సీన్లో నువ్వు ఒక్క కోపం చూపు కూడా చూడకూడదు.

నువ్వే ఎందుకంటావా? మీ ఊరు కవిటి అనగానే "కిడ్నీ ఊరు కదండీ" అని చెల్లి సంబంధం వెనక్కి పోయింది. మీ ఉద్దానం ఊళ్ళలో ఆ కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఏమిటో ఇంకా తేలనేలేదు, ఊళ్ళకి మాత్రం ముద్ర పడిపోయింది. ఆ వచ్చిన పెద్దమనిషి ఎంతో మర్యాదగా, నొచ్చుకుంటూనే ఆ మాట అన్నాడని నువ్వే కదా చెప్పావు. నాకు కావాల్సింది ఆ గొంతేరా. అది విన్నవాడివి నువ్వు.

కుదిరితే ఆదివారం సోంపేటలో రైలెక్కి వచ్చెయ్. రిహార్సల్స్ మా డాబా మీదే. పిన్నిని కూడా తీసుకురా. ముసలమ్మ మాటలు నేను రాశాను గానీ, అవి సరిగ్గా ఉన్నాయో లేదో ఆవిడే చెప్పాలి.

నీ
సత్యం