చిన్న రైలుమార్గాలకు ఒక గది ఇవ్వండి

అయ్యా,

ఇంట్లో చిన్న నమూనా రైలుమార్గాలు నిర్మించుకోవడాన్ని ఖరీదైన బొమ్మలాటగా కొట్టిపారేయడం సరికాదు. తిరుపతి, కాట్పాడి, ధర్మవరం దారులు కలిసే పాకాల జంక్షన్‌ను నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలకపై రెండేళ్లుగా కూర్చుకుంటున్నాను. 1:160 కొలతలో, అంటే అసలుకు 160వ వంతు పరిమాణంలో, దొరికే పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లు. అది విదేశాల్లో వాడే 1,435 మిల్లీమీటర్ల గేజ్‌కు సరిపోతుంది గాని, మన 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్‌కు దాదాపు పదిన్నర మిల్లీమీటర్లు కావాలి. ఈ లెక్కను మా అమ్మాయి తానే వేసి చూపిన రోజున, నిష్పత్తుల పాఠం ఆమెకు నిజంగా వంటబట్టిందని నాకు తెలిసింది. మైదా జిగురులో నానబెట్టిన పాత దినపత్రికలను థర్మాకోల్‌పై పొరలు పొరలుగా అంటించి చంద్రగిరి వైపు కొండలు చేశాం. అవి పూర్తిగా ఆరడానికి మూడు రోజులు పట్టింది. ఇంజను ఉన్నట్టుండి ఆగిపోతే, పట్టాలపై దుమ్ము చేరి కరెంటు అందడం లేదని ఇప్పుడు పిల్లలే గుర్తించి, మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు.

తిరుపతిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రంలో ఇలాంటి నమూనాకు ఒక గది కేటాయించి, వేసవి సెలవుల్లో పిల్లల చేతనే పట్టాలు వేయించి, తీగలు కలిపించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తిరుపతి