మా అమ్మ కంట్లో చుక్కలు వేసిన పిల్లలకు కృతజ్ఞతలు

అందరికీ వందనాలు. సోంపేట దగ్గర మా ఊరి చర్చి సండే స్కూల్ పిల్లలకు, వాళ్లను నడిపిస్తున్న టీచరక్కకు, ఆ పిల్లల్ని మా ఇంటికి పంపిన తల్లిదండ్రులకు నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని రాస్తున్నాను. చర్చిలో సాక్ష్యం చెప్పబోతే గొంతు పూడుకుపోయి సగం మాటలు లోపలే ఉండిపోయాయి.

మా ఆయన కిడ్నీ పేషెంట్. ఇంటింటా కిడ్నీ జబ్బు చూసిన మా ఉద్దానం వాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. డయాలసిస్ ఉన్న రోజు పొద్దున్నే పలాస బయల్దేరితే మెషీన్ దగ్గరే నాలుగు గంటలు, దారి కూడా కలుపుకుంటే ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. సరిగ్గా అప్పుడే అమ్మకు కుడి కంటికి శుక్లం ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. ఆపరేషన్ చిటికెలో అయిపోయింది. అసలు పని ఆ తర్వాతే. చుక్కల మందు వేళకు పడాలి, మొదటి వారం మరీను. వంగకూడదు, బరువెత్తకూడదు, కంట్లో నీళ్లు పడకూడదు. అమ్మకు చేతులు వణుకుతాయి, తనే వేసుకుంటే మందు బుగ్గ మీదికి కారిపోతుంది. ఇంట్లో ఇంకో మనిషి లేరు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టలేదు.

ఆ ఆదివారం సండే స్కూల్లో నయమాను అనే సేనాధిపతి ఇంట్లో పనిచేసిన చిన్నపిల్ల పాఠం జరిగిందట. బైబిల్లో రాజుల రెండో గ్రంథం అయిదో అధ్యాయంలో ఉంటుంది. చెరపట్టి తెచ్చిన పిల్ల, పేరు కూడా రాయలేదు. తన యజమానికి కుష్ఠు ఉందని తెలిసి, షోమ్రోనులో ప్రవక్త ఉన్నాడు, ఆయన దగ్గరికి వెళితే బాగవుతుందని యజమానురాలితో చెప్పింది. ఆ పిల్ల చేసిందంతా అదే. పాఠం అయ్యాక టీచరక్క "పెద్దయ్యాక దేవుని పని ఎవరు చేస్తారు?" అని చేతులెత్తించలేదు. "ఈ వారం మన వీధిలో ఎవరికి ఏం కావాలి?" అని అడిగింది. ఒక పిల్ల లేచి మా అమ్మ సంగతి చెప్పింది.

అక్క అక్కడితో ఆగి ఉంటే అది పాఠంగానే ఉండిపోయేది. ముందు మా ఇంటికి వచ్చి నన్నడిగింది. తర్వాత పిల్లల ఇళ్లకు వెళ్లి వాళ్ల అమ్మానాన్నలతో మాట్లాడింది. దసరా సెలవులు కావడం కలిసొచ్చింది. ఇద్దరిద్దరు చొప్పున పంపింది. డబ్బులిస్తే తీసుకోవద్దని, ఫోటోలు దిగొద్దని గట్టిగా చెప్పిందట. బహుమతులు, స్టార్లు ఏమీ లేవు. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. పిల్లలకు నిజమైన పని ఇచ్చి నమ్మితే ఎంత బరువైనా మోస్తారని కళ్లారా చూశాను.

ఎనిమిదో తరగతి అమ్మాయి వచ్చేది. సబ్బుతో చేతులు కడుక్కుని, శుభ్రంగా తుడుచుకుని, అమ్మను వెనక్కి వాలి పైకి చూడమనేది. కింది రెప్పను వేలితో కాస్త కిందికి లాగి, సీసా మూతి ఎక్కడా తగలకుండా ఒకే ఒక్క చుక్క. "ఇప్పుడు మూసుకో మామ్మా, నలపకు." రెండో మందుకు ఐదు నిమిషాలు ఆగాలి. ఆ ఐదు నిమిషాలు చూసే బాధ్యత వాళ్ల తమ్ముడిది. రెండో తరగతి చదువుతున్నాడు. గోడ గడియారం కింద నిలబడి, ముల్లు మీదినుంచి చూపు తిప్పేవాడు కాదు. "అయిపోయింది!" అని వాడు అరిస్తేగానీ వాళ్లక్క సీసా ముట్టేది కాదు. తర్వాత క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీత పెట్టేవాడు. నేను పలాస నుంచి వచ్చి ఆ గీతలు చూసుకుంటే ఒక్కటీ తప్పేది కాదు.

మా పక్కింటి పెద్దావిడకు నీళ్లు పట్టిపెట్టింది కూడా ఈ గుంటలే. ఆవిడ మన చర్చికి రారు. రమ్మని వాళ్లు అడగనూ లేదు, బిందె నింపి గుమ్మంలో పెట్టి వచ్చేవారు.

మందు వేసుకుని కళ్లు మూసుకున్నప్పుడు అమ్మ వాళ్లకు కబుర్లు చెప్పేది. సోంపేట ఆరోగ్యవరం కంటి ఆసుపత్రి గురించి, అక్కడ పనిచేసిన కెనడా బాప్టిస్టు మిషనరీ డాక్టర్ బెన్ గల్లిసన్ గారి గురించి. ఆయన పని గురించి విని కెనడాలోని కాల్గరీ నగరంలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి 1963లో మొదలుపెట్టిందే, కంటి వైద్యానికి సాయపడే ఈనాటి ఆపరేషన్ ఐసైట్ సంస్థ. అంత దూరాన ఉన్నవాళ్లు మన కళ్ల గురించి ఆలోచించారని విని ఆ చిన్నోడు, "మరి వాళ్లకు మన ఊరు ఎలా తెలుసు మామ్మా?" అని అడిగాడట. ఎవరో ఒకరు చెప్పి ఉంటారు నాన్నా అందట అమ్మ.

ఆ పిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా వందనాలు. సెలవుల్లో మీ పనులకు పిల్లలు అక్కరకొస్తారు. అయినా పంపారు. టీచరక్కా, నీకెలా చెప్పాలో తెలియడం లేదు. దేవుడు నిన్ను దీవించాలి.

అమ్మ ఇప్పుడు బైబిలు తనే చదువుకుంటోంది. ఎడమ కంటికి సంక్రాంతి తర్వాత చేద్దామన్నారు డాక్టరు గారు. నిన్న ఆ సంగతి చెబితే నలుగురైదుగురు చిన్నపిల్లలు ఈసారి గడియారం డ్యూటీ తమకే కావాలని అక్కను పట్టుకున్నారు. చిన్నోడు మాత్రం ఒప్పుకోవడం లేదు.