ఏటిరా, నీ గొంతుకేటైంది?

ఆల్ఫారెట్టా, ఆదివారం రాత్రి

చిన్నా,

మొన్న ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే మీ అమ్మ నా మోచెయ్యి పొడిచి "వీడేంటి ఇలా మాట్లాడుతున్నాడు?" అంది. న్యూయార్క్ వెళ్ళి మూడు నెలలు కాలేదు, "మీరంతా" అనడానికి మన అట్లాంటా వాళ్ళలా నువ్వనే "యాల్" మాయమైపోయింది. ఎవరైనా ఎక్కి పాడొచ్చనే ఆ ఓపెన్ మైక్‌లో నువ్వు ర్యాప్ ఎత్తుకోగానే ముందు వరసలో ఎవరో నీ పలుకుని వెక్కిరించారనీ, అప్పట్నుంచి అద్దం ముందు వాళ్ళలా పలకడం నేర్చుకుంటున్నాననీ నవ్వుతూనే చెప్పావు. నాకు అప్పటికప్పుడు మాటలు తోచవని నీకు తెలుసుగా. అందుకే ఈ ఉత్తరం. మనబడి తెలుగు క్లాసుల్లో నేర్చుకున్నది మర్చిపోకుండా ఉంటే నెమ్మదిగా చదువుకో.

మన అట్లాంటా ర్యాపర్, ఔట్‌కాస్ట్ జోడీలో ఒకడైన ఆండ్రే త్రీ థౌజండ్ గురించి నీకు నేను చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా విను. నీకు పాటలు తెలుసు, నాకు ఈ అట్లాంటా ఊరు తెలుసు.

నానమ్మని ఎయిర్‌పోర్టులో దించి వచ్చేటప్పుడు కాలేజ్ పార్క్, ఈస్ట్ పాయింట్ బోర్డులు కనపడతాయే, ఆ పక్కనే అతను చదివిన ట్రై-సిటీస్ హైస్కూల్. అసలు పేరు ఆండ్రే బెంజమిన్. 1975లో అట్లాంటాలోనే పుట్టాడు. అమ్మానాన్నా విడిపోయారు. సవానాలో పుట్టిన ఆంట్వాన్ ప్యాటన్, జోడీలో రెండోవాడు, అదే మీ బిగ్ బాయ్, లెనాక్స్ మాల్‌లో పరిచయమయ్యాడు. మీ అమ్మ సేల్ అన్నప్పుడల్లా మనల్ని లాక్కెళ్ళే మాలే. రికో వేడ్ అనే కుర్రాడు పనిచేసే బ్యూటీ సామాన్ల దుకాణం బయట, పార్కింగ్‌లో నిలబడి, ఇద్దరూ ఆపకుండా ర్యాప్ చేసి వినిపించారట. అతను వీళ్ళని తన తల్లి ఇంటికి తీసుకెళ్ళాడు. లేక్‌వుడ్ హైట్స్‌లో ఆ ఇంటి అడుగున గచ్చు కూడా లేని ఎర్రమట్టి గది. దానికే డంజన్, అంటే చీకటికొట్టు, అని పేరు పెట్టుకున్నారు. మెట్ల మీద కూర్చుని, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని రాసుకునేవాళ్ళు. ఆండ్రే స్కూలు మధ్యలోనే మానేశాడు. అది మాత్రం నువ్వు నేర్చుకోకు, అతను కూడా తర్వాత కూర్చుని పరీక్ష కట్టాడు.

1994లో ఇద్దరి మొదటి ఆల్బమ్ వచ్చేనాటికి అతనికి పందొమ్మిదేళ్ళు నిండలేదు. కాడిలాక్ కార్లు, వీధి గొప్పలు, ఊపిరి తీసుకోకుండా మాటలు. కుర్రతనం. మరుసటి ఏడు ఆగస్టులో న్యూయార్క్‌లో సోర్స్ అనే ర్యాప్ పత్రిక వాళ్ళ అవార్డుల సభ. కొత్త గ్రూపు అవార్డు వీళ్ళకే వచ్చింది, జనం మాత్రం గోల పెట్టి వెళ్ళగొట్టినంత పని చేశారు. ర్యాప్ అంటే అయితే న్యూయార్క్, కాకపోతే లాస్ ఏంజెలెస్, మధ్యలో ఈ దక్షిణాది వాళ్ళెవరు అన్నట్టు. ఆండ్రే మైకు పట్టుకుని, మా సౌత్‌కీ చెప్పాల్సిన మాట ఉంది, నేను చెప్పేది అంతే అని దిగిపోయాడు.

సరిగ్గా అదే 1995లో నేను పలాస నుంచి వచ్చి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేస్తున్నాను. మొదటి ఇంటర్వ్యూలో ఏదో అడిగితే సరిగ్గా వినపడక "ఏటండీ?" అన్నాను. బల్లకవతల ఉన్న ముగ్గురూ నవ్వారు. ఉద్యోగం రాలేదు. రూములో గుంటూరు కుర్రాడి మాటలు విని విని ఆర్నెల్లలో నా యాస కడిగేసుకున్నాను. పండక్కి ఇంటికి ఫోన్ చేస్తే మీ నానమ్మ అడిగింది: "ఏటిరా, నీ గొంతుకేటైంది? జలుబు సేసిందేటి?"

ఆండ్రే ఏం చేశాడో చూడు. 1996లో వచ్చిన రెండో ఆల్బమ్‌కి ఊరి పేరునీ ఏలియన్ అన్న మాటనీ కలిపి పేరు పెట్టారు. మమ్మల్ని బయటివాళ్ళన్నారుగా, అయితే గ్రహాంతరవాసులమే పొండి, అని. తాగడం, పొగ మానేశాడు, తలపాగా చుట్టాడు, మాంసం ముట్టనన్నాడు. బీట్ పలచబడింది, మాటకీ మాటకీ మధ్య ఖాళీ వచ్చింది, గొప్పలు పోయి తనతో తను మాట్లాడుకున్నట్టు మారింది. పదం చివర సాగదీసే ఆ అట్లాంటా తీరు మాత్రం ఇంకా చిక్కబడింది. 1998 ఆల్బమ్‌లో ఒక పాట మధ్యలో హార్మోనికా వాయించింది అతని మారుతండ్రి, చర్చి పాస్టరు. ఆ ఆల్బమ్ పేరేమో ఇద్దరి రాశులు, కుంభం, మిథునం కలిపి అతికించింది. మన పంతులుగారి లెక్కలో కాదులే.

నేను 1999లో వైటూకే పని మీద, అంటే 2000 సంవత్సరం తేదీలకి కంప్యూటర్లు తికమకపడకుండా సరిచేసే పని మీద, ఇక్కడికొచ్చాను. 2001 మొదట్లో మా ఆఫీసు కార్‌పూల్‌లో రోజూ ఒకటే పాట, వీళ్ళదే. తన బిడ్డని కని విడిపోయిన అమ్మాయి తల్లికి క్షమాపణ చెప్పుకుంటున్నాడని తోటి ఉద్యోగి విడమర్చి చెప్పాడు. పిల్లాడి అమ్మమ్మకి క్షమాపణా, ర్యాప్‌లోనా అని నోరెళ్ళబెట్టాను. ఇంక 2003 నాటి ఆండ్రే పాట సంగతి. మీ అమ్మ వచ్చిన కొత్త. తొమ్మిది వారాలు నంబర్ వన్‌గా ఉండి ఎక్కడ చూసినా అదే. అందులో అతను ర్యాపే చెయ్యడు, గిటార్ పట్టుకుని పాడతాడు. సంతోషంగా లేకపోయినా కలిసే ఉండే జంటల గురించని మాకు ఆనాడు అర్థం కాలేదు. పెళ్ళయిన కొత్తలో అర్థం కాకపోవడమే మంచిదైంది.

చివరికి 2023లో ఒక్క ర్యాప్ మాట కూడా లేకుండా ఫ్లూట్ ఆల్బమ్. నలభై ఎనిమిదేళ్ళొచ్చాయి, కొలనోస్కోపీకి వెళ్ళాలని ర్యాప్ చెయ్యమంటారా అన్నాడు ఇంటర్వ్యూలో. ఆ ఏడే డాక్టరు నాకూ ఆ పరీక్ష రాశాడు, కాబట్టి ఈ విషయంలో అతని పక్షమే. ఆ ఫ్లూట్ ఆల్బమ్ నీకు నచ్చలేదన్నావు. నేను మాత్రం కారులో చాలాసార్లు విన్నాను.

నిన్న ఇవన్నీ మనసులో తిరుగుతుంటే మీ నానమ్మకి ఫోన్ చేశాను. ఎత్తగానే, ముప్పై ఏళ్ళ తర్వాత, "ఏటమ్మా, ఏటి సేస్తన్నావు?" అన్నాను. నాకే కొంచెం నాటకంలా అనిపించింది. అవతల కాసేపు చప్పుడు లేదు.

తర్వాత, "ఎవులు మాటాడతన్నది?" అంది.

నాన్న