పేరు అడగడం మరిచిపోయిన అక్కకు

మొన్న శనివారం కడప ఎర్రముక్కపల్లెలో, బ్రౌన్ లైబ్రరీ మెట్ల మీద నా పక్కన కథల పుస్తకం చదువుకుంటున్న అక్కా, మీకు చాలా థ్యాంక్స్. దిండుగలీబు మీద కుడుతున్న ఎంబ్రాయిడరీ దారం చిక్కుపడి నేను టెన్షన్‌తో కత్తెర తీయబోతుంటే ఆపారు.

"ఆరు పోగులూ ఒకేసారి లాగితే చిక్కు పడక ఏమైతాది పాపా?" అని, ఒక్కో పోగునే పైకి లాగి, రెండేసి కలిపి సూదికెక్కించారు. మూరెడుకు మించి దారం తీసుకోవద్దన్నారు. గొలుసుకుట్టు ఇప్పుడు ముడి లేకుండా వస్తోంది, వెనకవైపు కూడా!

మధ్యాహ్నం కుట్టు, రాత్రి ఒక కథ, ఇదీ ఇప్పుడు నా లెక్క. ఫోన్ చార్జింగ్ రెండు రోజులొస్తోంది.

మీరు పేజీ గుర్తుకు పెట్టుకున్న ఎర్రదారం ముక్క నా డబ్బాలోనే ఉండిపోయిందక్కా. ఆ రోజు పేజీ దొరికిందా?