ఓజోన్ యంత్రం లోపాలపై ఫిర్యాదు

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌కు మీరు బిగించిన ఓజోన్ యంత్రం (సూక్ష్మజీవుల్ని చంపే ఓజోన్ వాయువును తయారుచేసి నీటిలో కలిపేది) గురించి.

అయ్యా,

మా పూల్ పొడవు 12 మీటర్లు, వెడల్పు 6, సగటు లోతు 1.2. అంటే సుమారు 86 వేల లీటర్లు. యంత్రం మీద గంటకు 5 గ్రాముల ఓజోన్ అని రాసి ఉంది. అది పొడి ఆక్సిజన్ అందించినప్పటి లెక్క. మీరు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసే పరికరం) ఇవ్వలేదు, గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయ్యరూ పెట్టలేదు. పొడిగాలితో నడిపినా ఉత్పత్తి దాదాపు సగానికి పడిపోతుంది. ఇక సముద్రం పక్కనున్న ఈ ఊళ్లో పంప్ రూం తేమగాలిని నేరుగా పీలిస్తే ఓజోన్ మరింత తగ్గుతుంది, పైగా గాలిలోని నైట్రోజన్, తేమ కలిసి సెల్‌లో (యంత్రంలో ఓజోన్ తయారయ్యే భాగంలో) నైట్రిక్ ఆమ్లం తయారవుతుంది. మా ఎలక్ట్రోడ్ మీద పేరుకున్న పసుపు జిగురు అదే. మీ టెక్నీషియన్ దాన్ని తుడిచి వెళ్లారు. డ్రయ్యర్ లేనంతకాలం అది మళ్లీ పేరుకుంటూనే ఉంటుంది.

యంత్రాన్ని పంప్ రూం నేల మీద, పూల్ నీటిమట్టం కంటే కిందకు బిగించారు. కరెంటు పోయి మోటారు ఆగగానే నీళ్లు వెంచురీ (ఓజోన్‌ను పీల్చి నీటిలో కలిపే ఇరుకు గొట్టం) నుంచి ఓజోన్ ట్యూబులోకి వెనక్కి వచ్చాయి. ఆపాల్సిన నాన్-రిటర్న్ వాల్వులో మామూలు నైట్రైల్ రబ్బరు వాడారు. ఓజోన్ తగిలి అది పగుళ్లిచ్చింది. అక్కడ ఓజోన్‌ను తట్టుకునే వైటన్ రబ్బరు సీలు ఉండాలి.

అన్నిటికంటే మమ్మల్ని భయపెట్టింది మీ వాళ్లు చెప్పిన "ఇక క్లోరిన్ అక్కర్లేదు" అన్న మాట. ఓజోన్ పైపులో ఉన్నంతసేపు సూక్ష్మజీవుల్ని బాగానే చంపుతుంది, కానీ వెచ్చటి నీటిలో త్వరగా విడిపోతుంది, పూల్‌లో నిలవదు. ఒక పిల్లవాడి నుంచి పక్క పిల్లవాడికి అంటుకునేదాన్ని అక్కడికక్కడే ఆపేది నీటిలో మిగిలి ఉన్న క్లోరినే. మీ మాట నమ్మి క్లోరిన్ కలిపే డోసింగ్ పంపు ఆపేస్తే గోడలకు నాచు పట్టి మెట్లు జారుతున్నాయి. ఇప్పుడు మళ్లీ 1 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం) క్లోరిన్, 7.2 నుంచి 7.6 పీహెచ్ ఉండేలా చూస్తున్నాం.

ఓజోన్ నీటిలో కరిగి పనిచేసేందుకు సమయమిచ్చే కాంటాక్ట్ ట్యాంకు కూడా లేదు. కరగని ఓజోన్ బుడగలు రిటర్న్ నాజిల్ నుంచి నేరుగా పైకి వస్తున్నాయి. ఈ వాయువు గాలికంటే బరువు, నీటి ఉపరితలం మీదే పేరుకుంటుంది. ఈదేవాళ్లు పీల్చేదీ అక్కడి గాలినే. పంప్ రూంలోనూ ఘాటు వాసన వస్తోంది. పనిచేసే చోట ఎనిమిది గంటలకు 0.1 పీపీఎం దాటకూడదన్న ప్రమాణం మీకు తెలియనిది కాదు. అందుకే యంత్రం స్విచ్ ఆపేశాం.

15 రోజుల్లో మీ ఖర్చుతో ఇవి చేయాలి: ఆక్సిజన్ కాన్సంట్రేటర్ పెట్టి, పాడైన సెల్ మార్చాలి. యంత్రాన్ని నీటిమట్టానికి పైన గోడకు బిగించి, ట్యూబును ఇంకా ఎత్తుకు లూపుగా తిప్పి వాల్వు మార్చాలి. మోటారు ఆగితే ఓజోన్ కూడా ఆగేలా ఇంటర్‌లాక్ ఇవ్వాలి. ఫిల్టర్ తర్వాత, క్లోరిన్ కలిసే చోటుకు ముందు కాంటాక్ట్ ట్యాంకు, దాని వెంటుకు (వాయువు బయటికి పోయే గొట్టానికి) ఓజోన్‌ను విరగ్గొట్టే యూనిట్, పంప్ రూంలో గ్యాస్ సెన్సర్ అమర్చాలి. క్లోరిన్ తప్పనిసరి అని రాతపూర్వకంగా ఇవ్వాలి.

గడువు దాటితే బిల్లు, ఫోటోలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం.

ఇట్లు,
అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం, పూల్ నిర్వహణ కమిటీ