నీ వెనక సీటు ఎవరిది?

చిన్నా,

ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్సు) వచ్చిందని నువ్వు పంపిన ఫొటో చూశాను. రోడ్డు గుర్తుల పరీక్ష మొదటిసారికే పాసయ్యావని నాన్నకి ఫోన్ చేసి చెప్తే చాలా సంతోషించారు. కానీ ఆ ఫొటో కింద నువ్వు రాసింది చదివాక నాకు టెన్షన్ పట్టుకుంది. మామయ్య బండి ఈ వారమే విజయవాడ తీసుకెళ్ళిపోతావట, రూమ్మేట్‌ని వెనక ఎక్కించుకుని కాలేజీకి వెళ్ళొస్తావట. ఫోన్లో చెప్తే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఎల్‌ఎల్‌ఆర్ చేతికొస్తే సగం లైసెన్సు వచ్చినట్టేనని మీ వయసు పిల్లలంతా అనుకుంటారు. అది నేర్చుకోవడానికి ఇచ్చిన అనుమతి, అంతే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో మూడో నిబంధన ఈ సంగతే చెప్తుంది. నేర్చుకునేవాడి పక్కన ఆ రకం బండికి లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. బండికి ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి 'ఎల్' ఉండాలి. పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు. (దాన్ని నంబర్ ప్లేటు మీద అంటించకు, అదింకో చలానా.) మోటార్ సైకిల్ గురించి విడిగా ఇంకో మాట కూడా ఉంది: నేర్పించేవాళ్ళు తప్ప ఇంకెవరూ వెనక కూర్చోకూడదు. నీ రూమ్మేట్‌కి లైసెన్సు లేదని నువ్వే చెప్పావు కదా. కాబట్టి ఆ అబ్బాయి నీ వెనక ఎక్కడానికి వీల్లేదు. ఎవరూ లేకుండా నువ్వొక్కడివే రోడ్డెక్కడానికీ వీల్లేదు.

"మరి నువ్వు కూర్చో" అంటావేమో. నా లైసెన్సు గేర్లు లేని బండికి. మామయ్యది గేర్ల బండి. అందుకని నేను నీ వెనక కూర్చున్నా లెక్కలోకి రాను. నాన్నకి గేర్ల బండి లైసెన్సు ఉంది, కానీ ఆయన చెన్నై నుంచి నెలకోసారి వస్తే గొప్ప. ఇక మిగిలింది మామయ్యే.

నిజం చెప్పొద్దూ, ఈ నిబంధన రాసినవాళ్ళ మనసులో కారే ఉండుంటుందని నాకనిపిస్తుంది. నేర్పించే మనిషి బండిని అదుపు చేయగలిగేలా, ఆపగలిగేలా కూర్చోవాలని రాశారు. కారులో అయితే చెయ్యి చాపి హ్యాండ్ బ్రేక్ లాగొచ్చు. మోటార్ సైకిల్ మీద వెనక కూర్చున్నవాడికి ఏం అందుతుంది? బ్రేకూ అందదు, క్లచ్చూ అందదు. పైగా మామయ్య బరువు పడితే మలుపులో బండి నీకు కొత్తగా తోస్తుంది. అయినా ఆయన ఉండాలనే నేనంటాను. ఎందుకంటే ఏ రోడ్డు మీదికి వెళ్ళాలి, ఏ టైములో వెళ్ళాలి, ఇంక చాలు దిగు అని ఎప్పుడు చెప్పాలి, ఇవన్నీ తెలిసినవాడు వెనక ఉంటే సగం ప్రమాదాలు నీ దాకా రావు. నీ రూమ్మేట్ ఉంటే "ఇంకొంచెం లాగరా" అంటాడు.

ముందు మామయ్య మిల్లులో ధాన్యం ఆరబెట్టే సిమెంటు కల్లం ఉంది కదా, అక్కడ ఒంటరిగా నేర్చుకో. గేటు వేసుకుంటే అది సొంత ఆవరణ, జనం తిరిగే చోటు కాదు. క్లచ్ సగంలో పట్టుకుని నడక వేగంతో పోవడం, కాలు కింద పెట్టకుండా తిప్పుకోవడం, రెండు బ్రేకులూ కలిపి వేయడం అక్కడ వచ్చాకే మామయ్య వెనక ఎక్కుతాడు. అప్పుడు తెల్లవారుజామున దుగ్గిరాల రోడ్డు. విజయవాడ బెంజి సర్కిల్ మాట లైసెన్సు వచ్చాక చూద్దాం.

నేను ప్లీడరుగారి ఆఫీసులో టైపు చేస్తానని నీకు తెలుసు. యాక్సిడెంట్ కేసు ఫైలు ఏది వచ్చినా మొదట అడిగేది, బండి ఎవరు నడిపారు, లైసెన్సు ఉందా అని. ఎల్‌ఎల్‌ఆర్ కూడా లైసెన్సేనని సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. ఇది నువ్వే ఎక్కడో చదివి నాకు చెప్తావు, అందుకే ముందుగా నేనే చెప్తున్నాను. కానీ మామయ్య ఇన్సూరెన్సు కాగితం తీసి చూశాను. అందులో డ్రైవర్ గురించిన షరతు దగ్గర, ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాళ్ళు నడపొచ్చు గానీ మూడో నిబంధన పాటించాలి అని అచ్చు వేసి ఉంది. అంటే వెనక మామయ్య లేకుండా నువ్వు ఎవరికైనా తగిలిస్తే, కంపెనీ వాళ్ళు ఆ వాక్యం చూపించి వాదిస్తారు. కోర్టు చెప్తే దెబ్బ తిన్నవాళ్ళకి ముందు కంపెనీ కట్టొచ్చు, తర్వాత ఆ డబ్బు బండి యజమాని దగ్గర వసూలు చేసుకోవచ్చు. అలాంటి ఆర్డర్లు నేను టైపు చేశాను. లైసెన్సు లేకుండా నడిపితే చట్టంలో ఉన్న 5,000 జరిమానా దీని ముందు చిల్లర డబ్బులే.

ఆ యజమాని ఎవరనేది ఇంకో కథ. బండి మనకిచ్చేశానని మామయ్య నోటిమాటగా అన్నాడు, తాళం కూడా ఇచ్చాడు. ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ కాగితం) మాత్రం ఇంకా ఆయన పేరునే ఉంది. చేతులు మారినా కాగితాల్లో పేరు ఎవరిదైతే వాళ్ళే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో మళ్ళీ తేల్చి చెప్పింది. నువ్వు చేసినదానికి మామయ్య కోర్టు మెట్లెక్కడం నాకిష్టం లేదు. పేరు మార్పించడానికి ఫారం 29, ఫారం 30 తెప్పించాను. నాన్న వచ్చినప్పుడు ఇద్దరి సంతకాలూ తీసుకుని నాన్న పేరు మీదికి మారుస్తాం. ఈ మార్పు రవాణా ఆఫీసులో తెలపడానికి అమ్మినవాళ్ళకి 14 రోజులు, కొన్నవాళ్ళకి 30 రోజులు గడువు. ఇన్సూరెన్సులో కూడా పేరు మార్పించాలి, చాలామంది ఇదొక్కటీ మర్చిపోతారు. నీ పేరున ఎందుకు కాదు అని అలగకు, లైసెన్సు వచ్చాక మాట్లాడుకుందాం.

టెస్టు సంగతి. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి 30 రోజులు దాటితేగానీ టెస్టుకి రానివ్వరు. అది ఆరు నెలలు చెల్లుతుంది, తొందరేం లేదు. టెస్టు పెట్టే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు కాలు కింద పెట్టకుండా బండిని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి. ఫెయిలైతే వారం తర్వాత మళ్ళీ వెళ్ళొచ్చు, సిగ్గుపడాల్సిందేం లేదు. నీ ఫ్రెండ్ చెప్పిన ఏజెంట్ మాట మాత్రం మళ్ళీ నా దగ్గర ఎత్తకు. ట్రాక్ ఎక్కకుండా తెచ్చుకున్న లైసెన్సు జేబులో ఉంటే బండి వంకర పోకుండా ఉంటుందా?

హెల్మెట్ నాన్న కొంటానన్నారు, ఐఎస్‌ఐ గుర్తు ఉన్నదే. మామయ్యకి కూడా ఒకటి. వెనక కూర్చున్నవాళ్ళకీ తప్పనిసరే, లేకపోతే వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు.

చెల్లి నీ మెసేజ్ చదివి తనకీ బండి నేర్పమని గొడవ చేస్తోంది. దానికి పదిహేనేళ్ళు. పిల్లలు నడిపితే ఇంట్లోవాళ్ళకి 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, ఆ పిల్లలకి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు అని చెప్తే నమ్మలేదు. పదహారేళ్ళకి ఇచ్చే లైసెన్సు 50 సీసీ లోపు బండికే, అలాంటి బండి ఇప్పుడు షాపుల్లో వెతికినా దొరకదు. నువ్వు చెప్తే వింటుంది, నువ్వే ఫోన్ చెయ్యి.

శనివారం సాయంత్రం రైలెక్కి వచ్చెయ్. ఆదివారం పొద్దున్నే మామయ్య కల్లం ఊడ్పించి ఉంచుతానన్నాడు. చెప్పులు కాదు, బూట్లు తెచ్చుకో. ఆ ఎర్ర ఎల్ స్టిక్కర్లు ఇక్కడ సరైన సైజువి దొరకలేదు, అక్కడ కనిపిస్తే రెండు పట్టుకురా.

అమ్మ