ఎక్కడి నుంచి వచ్చారు?

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన పని గురించి చాలామంది ఫోన్ చేశారు. "మేడం, ఇది ఏ సబ్జెక్టు కిందికి వస్తుంది?" అని కొందరు, "దీనికి మార్కులున్నాయా?" అని మరికొందరు. మార్కులు లేవు. సబ్జెక్టు ఏదో నేనూ తేల్చలేదు.

పని చిన్నదే. బ్రహ్మోత్సవాలకు మన ఊరికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరితో, ఇంట్లో పెద్దవాళ్లు పక్కన ఉండగా, కాసేపు మాట్లాడాలి. పేరు అడగకూడదు, ఫొటో తీయకూడదు. ఎక్కడి నుంచి వచ్చారు, అక్కడ ఏం పని చేస్తారు, ఇంటి దగ్గర ఎవరిని వదిలి వచ్చారు అని కనుక్కుని ఒక పేజీ రాసుకు రావాలి. అంతే.

తిరుపతి పిల్లలకు కొత్త మనుషులంటే వింతేమీ కాదు. రైల్వే స్టేషన్ ముందు, విష్ణునివాసం దగ్గర, అలిపిరిలో రోజూ దేశమంతా కళ్లముందే తిరుగుతుంటుంది. రోజూ చూడబట్టే ఎవరినీ చూడం. "ఈరోజు రష్ ఎక్కువ" అనుకుని పక్క సందులోంచి బండి పోనిస్తాం. ఆ రష్‌లో ఉన్నవాళ్లెవరో ఒక్కసారైనా పిల్లలు అడగాలన్నది మా సోషల్ టీచర్ ఆలోచన.

పిల్లలు రాసుకొచ్చిన పేజీలన్నీ చదివాను. మొదట నవ్వొచ్చింది. పలకరించిన ప్రతి పెద్దమనిషీ, ఏ రాష్ట్రం వాళ్లైనా సరే, తిరిగి వీళ్లనే అడిగారట: ఎన్నో తరగతి? లెక్కల్లో ఎన్ని మార్కులు? తమిళుల పెరటాసి నెల మొక్కుకు తిరువణ్ణామలై వైపు నుంచి పసుపు బట్టల్లో నడిచొచ్చిన ఒక అవ్వ, మన అమ్మాయి ఇచ్చిన మజ్జిగ తాగుతూ, పబ్లిక్ పరీక్షలు ఎప్పుడని ఆరా తీసిందట. "ఇంట్లోనూ ఇదే, రోడ్డు మీదా ఇదే" అని ఆ అమ్మాయి పేజీ చివర విసుక్కుంది.

నేను రెండుసార్లు చదివింది మాత్రం ఒక టమోటా రైతు మనవడు రాసిన పేజీ. వాళ్ల తాత పంట మదనపల్లె మార్కెట్‌కు పోతుంది. రేటు పడిపోయిన ఏడాది బుట్టలు రోడ్డు పక్కన పారబోసి రావడం వాడు కళ్లారా చూశాడు. గోవిందరాజస్వామి గుడి దగ్గర వాడికి నాసిక్ వైపు ఉల్లి రైతు ఒకాయన దొరికాడు. వీడి స్కూలు హిందీ ఎంతవరకు పనికొచ్చిందో తెలియదు గానీ, ఉల్లి ధర పడినప్పుడు అక్కడా కోత కూలి కూడా రాదని, కొందరు పొలంలోనే దున్నేస్తారని ఆయన చెప్పింది వీడికి అర్థమైంది. ఇంతలో తాత మాటల్లోకి దిగాడు. తాతకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు. అయినా విత్తనం ధర, మందుల ఖర్చు, కూలి, లారీ బాడుగ అంటూ వేళ్ల మీద లెక్కలు వేసుకుంటూ చాలాసేపు కూర్చున్నారట. "నన్ను ఇద్దరూ మర్చిపోయారు" అని రాశాడు. ఆ పేజీ స్టాఫ్ రూంలో అందరం చదివాం.

కల్యాణకట్టలో పనిచేసే ఒక తండ్రి కొడుకుతో పాటు తానే స్కూలుకొచ్చి చెప్పిన మాట ఒకటుంది. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు ఏ భాష పిల్లలైనా ఏడ్చే తీరు ఒకటేనట. తల పట్టుకున్న నాన్నల్లో, ఏ ఊరివాళ్లైనా, బిడ్డ కంటే ఎక్కువ టెన్షన్ పడేవాళ్లు తప్పకుండా ఉంటారట.

అన్ని పేజీలూ ఇంత బాగా లేవు. గంటల తరబడి క్యూలో ఉండి దిగొచ్చిన ఒక కుటుంబం మాట్లాడనే లేదు, విసుక్కున్నారు. ఆ పాప బాధపడింది. నిద్ర లేకుండా, పసిబిడ్డను ఎత్తుకుని నిలబడితే మనమైతే ఎలా ఉంటామని క్లాసులో అడిగితే, పిల్లలే వాళ్ల తరఫున వాదించారు. ఇంకో అబ్బాయి, తనకు రోజూ చెప్పే ఆటో చార్జీకి మూడింతలు ఒక బెంగాలీ కుటుంబానికి చెప్పడం విని రాశాడు. "వాళ్లకు తెలియదు కదా, అందుకే" అని కారణం కూడా రాశాడు. ఊరివాళ్లుగా మనం దీన్ని దాచిపెట్టి లాభం లేదు. మనం వెల్లూరు ఆస్పత్రికి పోయి లాడ్జి వెతుక్కునేటప్పుడు ఆ బెంగాలీ కుటుంబం స్థానంలో ఉండేది మనమే.

ఇక పెద్దలకు చెప్పాల్సిన అసలు సంగతికి వస్తాను. మన స్కూల్లో ఈ మధ్య ఒడిశా, బీహార్ నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలు చేరుతున్నారు. గుడికి వచ్చిన దూరపు మనిషిని పలకరించి రావడం తేలిక, ఆయన రేపు రైలెక్కి వెళ్లిపోతాడు. పక్క బెంచీలో ఏడాదంతా కూర్చునే వాడి సంగతి వేరు. "ఆ హిందీవాళ్ల పిల్లోడు" అన్న పిలుపు వరండాలో నా చెవిన పడింది. పిల్లలు ఆ మాట బడిలో నేర్చుకోలేదు. వాడిది ఒడియా, హిందీ కూడా కాదు. తిట్టొద్దు, పేరు పెట్టి పిలవడం ఇంట్లో మీరు మొదలుపెడితే చాలు, వీళ్లు రెండు రోజుల్లో మారతారు.

బయటివాళ్లన్న మాట మన ఊళ్లో ఎక్కడ గీత గీసి వాడాలో నాకు నిజంగా తెలియదు. 1843 నుంచి 1933 వరకు తిరుమల ఆలయ నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది. ఆ మఠానికి మూలపురుషుడు ఉత్తరాది నుంచి వచ్చిన బావాజీ. క్లాసులో ఇది చెప్పినప్పుడు పిల్లలు నమ్మలేదు, ఇంటికెళ్లి తాతలను అడిగి వచ్చారు.

అందుకే ఈసారి విహారయాత్ర మదనపల్లెకు పెట్టుకున్నాం. 1919లో టాగూర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లు ఉన్నారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆయన పాడగా విని స్వరాలు రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్, ఆ కాలేజీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య, ఐరిష్ ఆవిడ. తన దేశంలో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం జైలుకెళ్లిన మనిషి, 1932లో మన స్వాతంత్ర్య పోరాటానికి మద్దతుగా మాట్లాడి వెల్లూరు జైల్లో ఉన్నారు. ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది. అక్కడి క్షయ ఆస్పత్రిని మొదట్లో నడిపించింది డెన్మార్క్ డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొడ్ట్ మొల్లర్. మన దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి, 1948లో. మీ పిల్లల భుజం మీద ఆ టీకా మచ్చ ఉంటే బస్సెక్కే ముందు ఒకసారి చూపించండి.

యాత్ర డిసెంబరు మొదటి శనివారం, ఎనిమిది, తొమ్మిది తరగతులకు. బస్సులు ఉదయం ఆరింటికి స్కూలు ముందు నుంచి పీలేరు మీదుగా బయలుదేరతాయి. ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే క్లాసు టీచరుకు ముందే చెప్పండి, ముందు సీట్లిస్తాం. మధ్యాహ్నం భోజనం మేమే ఏర్పాటు చేస్తున్నాం, ఇంటి నుంచి నీళ్ల బాటిల్, చెనక్కాయ ఉండలు లాంటివి ఏమైనా చాలు. బస్సులో జతలు మేమే వేస్తున్నాం. ఒడిశా, బీహార్ పిల్లలందరినీ వెనక సీట్లో ఒకచోట కూర్చోబెట్టే పద్ధతి ఉండదు, కాబట్టి "మా వాడి ఫ్రెండు పక్కన వేయండి" అని ఫోన్లు చేయకండి. అనుమతి పత్రం నవంబరు ఆఖరి శుక్రవారం లోపు అందాలి.

మీ ప్రధానోపాధ్యాయురాలు